ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి గడువు తేదీ రాయండి

పై చదువుల గురించి ప్రభుత్వాలు నిర్ణయాలు తీసుకునే కాలం ఇది. రెండు తెలుగు రాష్ట్రాల బడ్జెట్లు, ఆ తర్వాత ప్రవేశ పరీక్షలు, ఆ వెంటనే కౌన్సెలింగ్. తెలంగాణలో ఇంజినీరింగ్ ఫీజుల సంగతి తేలాలి. 2022లో ఖరారు చేసిన ఫీజులు మూడేళ్లకే అయినా 2025-26కి కూడా వాటినే కొనసాగించారు. పేద పిల్లల కాలేజీ ఫీజుని ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని ఎలా మార్చాలో చెప్పమని అక్కడి ప్రభుత్వం 2025 చివర్లో ఒక కమిటీ వేసింది. ఢిల్లీలో ఉన్నత విద్యని నియంత్రించే యూజీసీ, ఏఐసీటీఈలను తీసేసి వాటి స్థానంలో ఒకే సంస్థను పెట్టే బిల్లు పార్లమెంటులోకి వచ్చింది.

ఇన్ని నిర్ణయాల మధ్య నేను అడుగుతున్నది ఒక్కటే. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రతి సంవత్సరం ఫలానా తేదీలోపు చెల్లించాలి, ఆ తేదీ దాటితే ప్రభుత్వమే పరిహారం కట్టాలి, ఆ డబ్బు రాలేదన్న కారణంతో ఏ కాలేజీ కూడా పిల్లల సర్టిఫికెట్లు ఆపకూడదు. ఈ మూడూ చట్టంలో ఉండాలి. జీవోలో కాదు, ప్రెస్‌మీట్‌లో హామీగా కాదు, అసెంబ్లీ ఆమోదించిన చట్టంలో.

ఈ పథకం వల్లే నేను చదువుకున్నాను కాబట్టి ఈ మాట అడిగే హక్కు నాకుందనుకుంటున్నాను. మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. నాన్న టైలర్. అమ్మ కాజాలు కుట్టేది, గుండీలు వేసేది, చీరలకి ఫాల్స్ కుట్టేది. 2008-09లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీ, మైనారిటీ పిల్లల్లో అర్హులందరికీ పూర్తి ఫీజు ఇస్తామని చెప్పకపోయి ఉంటే, ఆ తర్వాతి సంవత్సరం నేను ఇంజినీరింగ్‌లో చేరేవాణ్ణి కాదు. మా వీధిలో నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు, నాకంటే బాగా చదివినవాళ్లు, ఇంటర్‌తో ఆగిపోయారు. వాళ్లకీ నాకూ మధ్య ఉన్న తేడా ఆ పథకం పుట్టిన సంవత్సరం మాత్రమే. తెలివిలోనో కష్టపడటంలోనో తేడా లేదు. అందుకే ఎవరైనా దీన్ని పప్పుబెల్లాల పంపకం అన్నప్పుడు నాకు చాలా బాధేస్తుంది.

పథకం మొదట్లో ఎలా పనిచేసిందో నాకు గుర్తుంది. మీసేవలు అప్పటికి ఇంకా రాలేదు. ఆదాయ ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈపాస్ వెబ్‌సైట్‌లో నెట్ సెంటర్ వాడు అప్లికేషన్ నింపేవాడు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్, అన్నిటి జిరాక్సులూ కాలేజీలో ఇవ్వాలి. హాజరు 75 శాతం ఉండాలి. అవన్నీ చేశాక మనకి ఇక పని లేదు. ప్రభుత్వం కాలేజీకి కడుతుంది, మనం చదువుకోవాలి. ఒప్పందం అంత సూటిగా ఉండేది.

అది చెడింది ఆలస్యంతోనే. నేను చివరి సంవత్సరానికి వచ్చేసరికి, గవర్నమెంట్ నుంచి డబ్బులు రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అని కాలేజీ ఆఫీసులో చెప్పారు. కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమన్నారు. నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా, వచ్చాక ఇస్తాం అన్నదే జవాబు. ఆ డబ్బు మా ఇంటికి తిరిగి రాలేదు. అప్పు తీరే సమయానికి నేను ఉద్యోగంలో చేరాను కాబట్టి గట్టెక్కాం.

ఇక్కడ లెక్క ఒకసారి చూడండి. ముప్పై అయిదు వేలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 700, ఏడాదికి 8,400. ప్రభుత్వం రెండేళ్లు ఆలస్యం చేస్తే వడ్డీయే 16,800. అంటే ఇచ్చే డబ్బులో దాదాపు సగం విలువ ఆ ఇంటికి అందకుండానే పోయింది. బడ్జెట్ కాగితాల మీద ఆ పిల్లవాడికి పూర్తి సాయం అందినట్టే ఉంటుంది. ఆలస్యానికి ఖర్చు లేదని సచివాలయంలో అనుకుంటారేమో. ఆ ఖర్చు ఉంది, మండల కేంద్రాల్లో వడ్డీ వ్యాపారి నోటు పుస్తకంలో ఉంది.

డబ్బు ఎక్కడ ఆగుతుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. విద్యార్థి అప్లికేషన్ కాలేజీ నుంచి సంక్షేమ శాఖకి వెళ్తుంది. అక్కడ పరిశీలించి మంజూరు చేస్తారు. బిల్లు తయారై ట్రెజరీకి వెళ్తుంది. ట్రెజరీ ఆ బిల్లుకి ఒక టోకెన్ నంబర్ ఇస్తుంది. ఆ తర్వాత ఆర్థిక శాఖ నిధులు వదలాలి. టోకెన్ వచ్చింది అంటే బిల్లు తయారయ్యింది, లైన్లో ఉంది అని మాత్రమే అర్థం. ఆ లైన్ ఎప్పుడు కదులుతుందో చెప్పే నియమం ఎక్కడా లేదు. ప్రైవేటు కాలేజీల్లో అకౌంట్స్ చూసేవాళ్లతో మాట్లాడితే, టోకెన్లు పడ్డాయి సార్, డబ్బులు పడలేదు అన్న మాట ఖాయంగా వినిపిస్తుంది. జీతాలు ఇవ్వాలి, పింఛన్లు ఇవ్వాలి, అప్పుల వాయిదాలు కట్టాలి, కాంట్రాక్టర్లు రోజూ వచ్చి కూర్చుంటారు. ఈ వరసలో ఆర్థిక శాఖ గుమ్మం ముందు కూర్చునే శక్తి లేనిది విద్యార్థికే. అందుకే అతని బిల్లు వెనక్కి పోతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది, ఇది ముందుగా తెలియని ఖర్చు కాదు. వరదలు వస్తే ఎంత ఖర్చవుతుందో ముందు చెప్పలేం. పంట ధర పడిపోతే ఎంత కొనాలో చెప్పలేం. ఫీజు రీయింబర్స్‌మెంట్ అలా కాదు. సీట్లు నింపేది ప్రభుత్వ కౌన్సెలింగే. ఇంజినీరింగ్‌లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా నింపుతున్నారు. ఫీజు ఎంతో నిర్ణయించేదీ ప్రభుత్వం పెట్టిన సంస్థే. తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్. ఎవరు ఏ కులం, ఏ ఆదాయం అన్నది తెలంగాణ ఈపాస్‌లోనూ ఆంధ్ర జ్ఞానభూమి పోర్టల్‌లోనూ ఉంది. కౌన్సెలింగ్ ముగిసేసరికి ఆ ఏడాది ఎంతమందికి ఎంత కట్టాలో ప్రభుత్వం దగ్గర లెక్క సిద్ధంగా ఉంటుంది. పై తరగతులకి వెళ్లే పిల్లల లెక్క అంతకు ముందే తెలుసు. ఇంత స్పష్టంగా తెలిసిన ఖర్చుని ఏళ్ల తరబడి బకాయి పెట్టడాన్ని ఆర్థిక ఇబ్బంది అనడానికి నేను ఒప్పుకోను. ఎవరిని ఆగమనవచ్చో చూసుకుని తీసుకున్న నిర్ణయం అది.

గడిచిన పదిహేనేళ్లలో ఈ పథకాన్ని ముట్టుకోని ప్రభుత్వం లేదు. 2012లో కిరణ్‌కుమార్‌రెడ్డి హయాంలో ఎంసెట్‌లో పది వేల ర్యాంకు దాటిన బీసీ, ఈబీసీ పిల్లలకి 35 వేల వరకే ఇస్తామన్న పరిమితి వచ్చింది. తెలంగాణ ఏర్పడిన కొత్తలో, 2014లో, ఫాస్ట్ పేరుతో పథకం తెచ్చి, 1956 నాటికే తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే అన్న షరతు ముడిపెట్టారు. హైకోర్టు ప్రశ్నించింది, మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం విద్యా దీవెన పేరుతో పూర్తి ఫీజు ఇస్తామని, వసతి దీవెన కింద డిగ్రీ ఆపై చదువులకి ఏడాదికి 20 వేలు ఇస్తామని చెప్పింది. ఫీజు డబ్బుని తల్లుల ఖాతాల్లో వేసింది. 2021 సెప్టెంబరులో హైకోర్టు దాన్ని తప్పుబట్టింది. తర్వాత తల్లి, విద్యార్థి కలిసి ఉండే జాయింట్ అకౌంట్ తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీకే నేరుగా కడతామన్నారు.

వరసగా చూడండి. పేరు మారింది, ఖాతా మారింది, అర్హత మారింది. ఎవరి ఫొటో ఉండాలో కూడా మారింది. ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నది మాత్రం ఎవరూ చట్టంలో రాయలేదు. తల్లి ఖాతాలో వేయడం మంచిదా, కాలేజీ ఖాతాలో వేయడం మంచిదా అని రెండు పార్టీల వాళ్లూ గంటలు గంటలు వాదిస్తారు. నాకు అందులో పెద్ద అభిప్రాయం లేదు. తల్లికి ఇస్తే ఆమె కాలేజీని నిలదీయగలదన్న వాదనలో నిజం ఉంది. ఇంట్లో అవసరం వస్తే ఆ డబ్బు ఖర్చయిపోయి పిల్ల ఇరుక్కుంటుందన్న వాదనలోనూ నిజం ఉంది. ఏ ఖాతా అయినా సరే, టైముకి పడితే పనిచేస్తుంది.

2025 నవంబరులో తెలంగాణలో జరిగింది ఈ ఆలస్యానికి పరాకాష్ఠ. బకాయిలు ఇవ్వాలంటూ ప్రైవేటు కాలేజీలు 3వ తేదీ నుంచి మూతపడ్డాయి. ఇంజినీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ, డిగ్రీ, బీఈడీ, అన్నీ. 7వ తేదీన ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్కతో చర్చలు జరిగాక, వెంటనే 600 కోట్లు, కొద్ది రోజుల్లో మరో 300 కోట్లు ఇస్తామన్న హామీతో బంద్ విరమించారు. అంతకు ముందు సెప్టెంబరులోనూ ఇలాంటి హామీయే ఇచ్చారు, దసరా, దీపావళి గడిచాయి, అది పూర్తిగా నెరవేరకే నవంబరు బంద్ వచ్చింది. ఆ వారం టీవీ చర్చల్లో నేను విన్నదంతా యాజమాన్యాలు బ్లాక్‌మెయిల్ చేస్తున్నాయా, ప్రభుత్వం మోసం చేస్తోందా అన్న వాదనే. తరగతులు పోయిన పిల్లల్ని ఆ చర్చలకి పిలిచినవాళ్లు చాలా తక్కువ. ఆంధ్రలోనూ కథ వేరు కాదు. ఈ బకాయిలు పాత ప్రభుత్వం పెట్టిపోయినవి అని అధికార పక్షం, మీరొచ్చాక కట్టలేదు అని ప్రతిపక్షం. స్థానాలు తారుమారైనప్పుడల్లా డైలాగులు కూడా తారుమారవుతాయి.

యాజమాన్యాలు అనగానే మనకి హైదరాబాద్ శివార్లలో అద్దాల భవనాలు, బస్సుల వరసలు కళ్ల ముందు కదులుతాయి. అవి ఉన్న మాట నిజం. వాటికి 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా ఉంది, అందులో తీసుకునేదెంతో అందరికీ తెలుసు. బకాయి రెండేళ్లు ఆగినా వాటికి ఏమీ కాదు. ఆలస్యం చంపేది మండల కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో నడిచే డిగ్రీ కాలేజీలని. అక్కడ చేరే పిల్లల్లో దాదాపు అందరూ రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లే. మేనేజ్‌మెంట్ కోటా అన్న మాటే లేదు. ఆ కాలేజీకి ఆదాయం అంటే ఆ టోకెన్లే. అవి కదలకపోతే ముందు ఆగేది లెక్చరర్ల జీతం. నా ఇంటర్ స్నేహితుడు ఒకడు అలాంటి కాలేజీలో కామర్స్ చెప్తాడు. నెట్ పాసయ్యాడు, పీహెచ్‌డీ చేశాడు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఉదయం ట్యూషన్లు చెప్పి, సాయంత్రం ఇన్సూరెన్స్ పాలసీలు కట్టిస్తాడు. తరగతిలో అతను ఇంకా ఓపిగ్గా పాఠం చెప్తున్నాడంటే అది అతని మంచితనం. ప్రభుత్వం అతని మంచితనం మీద ఆధారపడి నడుస్తోంది.

అదే కాలేజీ యూనివర్సిటీకి అఫిలియేషన్ ఫీజు గడువులోగా కట్టాలి. ఆలస్యమైతే అపరాధ రుసుము. పరీక్ష ఫీజు గడువు దాటితే పిల్లవాడి దగ్గర లేట్ ఫీజు. కరెంటు బిల్లు గడువు దాటితే ఫ్యూజు పీకేస్తారు. మన వైపు నుంచి ప్రభుత్వానికి కట్టే ప్రతి రూపాయికీ తేదీ ఉంది, తప్పితే జరిమానా ఉంది.

ఇప్పుడు సర్టిఫికెట్ల సంగతి. ఇది రాయడానికి కూర్చోవడానికి అసలు కారణం ఇదే. మా చిన్నాన్న కూతురు బీకామ్ కంప్యూటర్స్ పూర్తి చేసింది. ఒక కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారు. కాలేజీకి వెళ్తే, రెండు సంవత్సరాల ఆర్‌టీఎఫ్, అదే ఫీజు రీయింబర్స్‌మెంట్, రాలేదమ్మా, అది కట్టి తీసుకెళ్లు అన్నారు. "అన్నయ్యా, ఆ డబ్బు కట్టాల్సింది గవర్నమెంటు కదా, నన్నెందుకు అడుగుతున్నారు?" అని ఫోన్‌లో అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా లేదు. నేనే వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. ఆయన దురుసుగా ఏమీ మాట్లాడలేదు. "బాబూ, మీరు చెప్పింది నిజమే. కానీ సర్టిఫికెట్ ఇచ్చేశాక ఆ డబ్బు రాకపోతే మేం ఎవరిని అడగాలి? మాకు చేతిలో ఉన్నది అదొక్కటే" అన్నాడు. డబ్బు కట్టి తెచ్చాం. కట్టగలిగే అన్నయ్య ఉన్నాడు కాబట్టి ఆ అమ్మాయి చేరింది. అదే క్లాసులో మిగతా అమ్మాయిల గురించి ఆలోచిస్తే నాకు నిద్ర పట్టలేదు.

సర్టిఫికెట్లు ఆపకూడదని నియమం లేదా అంటే ఉంది. ఫీజు వాపసు, ఒరిజినల్ సర్టిఫికెట్ల గురించి యూజీసీ 2018 అక్టోబరులో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు అని అందులో ఉంది. 2023లో వచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు, డాక్యుమెంట్లు ఆపడాన్ని ఫిర్యాదు కింద లెక్కగట్టాయి. కానీ వాటిని శ్రద్ధగా చదివితే ఒక లోటు కనిపిస్తుంది. అవి ముఖ్యంగా సీటు వదులుకుని మధ్యలో వెళ్లిపోయే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. తనకి అవసరం లేని కోర్సుకి ఫీజు కట్టమని ఒత్తిడి చేయకూడదన్నది వాటి ఉద్దేశం. చదువంతా పూర్తి చేసి, తన వంతు హాజరు, పరీక్షలు అన్నీ పూర్తి చేసి, ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రాక ఇరుక్కున్న విద్యార్థి గురించి వాటిలో సూటిగా ఒక్క వాక్యం లేదు. చదువు సర్టిఫికెట్ తాకట్టు పెట్టుకునే వస్తువు కాదని మద్రాసు హైకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. మంచి మాటే. మండల కేంద్రంలో బీకామ్ చదివిన అమ్మాయి హైకోర్టుకి వెళ్లలేదు కదా.

అందుకే ఆ వాక్యం రాష్ట్ర చట్టంలో ఉండాలంటున్నాను. ప్రభుత్వం అర్హుడని మంజూరు చేసిన విద్యార్థికీ ఆ ఫీజు బకాయికీ సంబంధం లేదు, ఆ అప్పు ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉన్నది, దాని పేరుతో టీసీ, మార్కుల మెమో, ప్రొవిజనల్, హాల్ టికెట్, ఏదీ ఆపకూడదు అని స్పష్టంగా ఉండాలి. ఇది ఒక్కటే చేసి గడువు తేదీ రాయకపోతే మళ్లీ అన్యాయమే, ఎందుకంటే కాలేజీ చేతిలో ఉన్న ఒక్క పట్టునీ తీసేసి, దానికి ఏమీ ఇవ్వనట్టు అవుతుంది. రెండూ కలిసి రావాలి.

ఇలాంటి గడువులు మన చట్టాల్లో లేనివి కావు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పని చేసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలని రాసింది. ఆలస్యమైతే రోజుకి 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని నిబంధన వచ్చింది. దాన్ని ఎగ్గొట్టడానికి ప్రభుత్వాలు చాలా దారులు వెతికాయి, ఆ సంగతీ దాచక్కర్లేదు. అయినా 2018లో సుప్రీంకోర్టు, కేంద్రం వైపు నుంచి జరిగిన ఆలస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పగలిగిందంటే, చట్టంలో ఆ 15 రోజులు అన్న అంకె ఉండబట్టే. అంకె లేకపోతే కోర్టు దేన్ని పట్టుకుంటుంది? 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం చూడండి. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, లేకపోతే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. బోల్టులూ నట్లూ సరఫరా చేసినవాడికి ఉన్న రక్షణ, మూడేళ్లు పాఠం చెప్పిన కాలేజీకి, మూడేళ్లు చదివిన పిల్లకి ఎందుకు ఉండకూడదు?

ఎస్సీ విద్యార్థుల విషయంలో ఈ ఆలస్యం ఇంకో నష్టం కూడా చేస్తుంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ల కోసం అయిదేళ్లకి 59 వేల కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రాలది. కేంద్రం తన వాటాని నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది, కానీ రాష్ట్రం ముందు తన వాటా ఇచ్చాకే. అంటే రాష్ట్రం 40 రూపాయలు ఆపితే ఢిల్లీ నుంచి రావాల్సిన 60 రూపాయలు కూడా ఆగుతాయి. ఖజానా కష్టాల్లో ఉందని చెప్పేవాళ్లు, తమ 40 ఆపి 60 పోగొట్టుకోవడంలో ఏం మిగులుతుందో చెప్పాలి.

ఈ వాదనకి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఈ పథకం వల్లే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయని, ల్యాబులు లేని, లెక్చరర్లు లేని కాలేజీలు దీని మీదే బతికాయని అంటారు. అందులో చాలా వరకు నిజమే. 2016లో తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ తనిఖీలు కూడా చేయించింది. దొంగ కాలేజీలని మూసేయాలని నేనూ అంటాను. కానీ అందరికీ డబ్బు ఆపడం దొంగల్ని పట్టుకునే పద్ధతి కాదు. ఆలస్యంలో ముందు మూతపడేది నిజాయితీగా జీతాలిచ్చే చిన్న కాలేజీ. రికార్డుల్లో మాత్రమే లెక్చరర్లున్న కాలేజీకి ఖర్చే ఉండదు, అది ఎన్నేళ్లయినా ఎదురు చూడగలదు. తనిఖీలు చేసి, హాజరు చూసి, తప్పు చేసినవాళ్ల అనుమతి తీసేయండి. మిగతావాళ్లకి తేదీ ప్రకారం కట్టండి.

రెండో అభ్యంతరం డబ్బు లేదన్నది. లేకపోతే ఎంతవరకు ఇవ్వగలరో అంతే హామీ ఇవ్వండి. బీసీ పిల్లలకి 35 వేలు అని 2012లో పెట్టిన పరిమితి తెలంగాణలో ఇన్నేళ్లయినా అలాగే ఉంది. ఈలోగా పేరున్న కాలేజీల ఫీజు లక్ష దాటి, లక్షన్నర కూడా దాటింది. ఆ తేడా అంతా ఇంటివాళ్లే కట్టుకుంటున్నారు. అది పెంచాలని నా కోరిక. కానీ పెంచి రెండేళ్లు ఆపడం కంటే, ఉన్న 35 వేలే సెప్టెంబరులో సగం, ఫిబ్రవరిలో సగం ఖచ్చితంగా పడటం ఆ ఇంటికి ఎక్కువ మేలు చేస్తుంది. ఈ మాట నేను చాలామంది తల్లిదండ్రుల్ని అడిగే రాస్తున్నాను. ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదే వాళ్ల టెన్షన్. ఎప్పుడో తెలిస్తే చీటీ పాడుకోవచ్చు, పంట డబ్బు సర్దుకోవచ్చు. తెలియనప్పుడే వడ్డీకి పరుగెత్తుతారు.

ఢిల్లీ బిల్లు గురించి కూడా చెప్పాలి. 2025 డిసెంబరులో కేంద్రం లోక్‌సభలో వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లు పెట్టింది. యూజీసీ, ఏఐసీటీఈ, ఉపాధ్యాయ విద్యని చూసే ఎన్‌సీటీఈల చట్టాలని రద్దు చేసి, నియంత్రణకి ఒకటి, గుర్తింపుకి ఒకటి, ప్రమాణాలకి ఒకటి చొప్పున మూడు మండళ్లు పెడతారు. దాన్ని పార్లమెంటు సంయుక్త కమిటీకి పంపారు. 2018లో ఉన్నత విద్యా కమిషన్ ముసాయిదా వచ్చినప్పటి నుంచీ సాగుతున్న ఆలోచనే ఇది. అందులో నిబంధనలు మీరిన విద్యాసంస్థలకి పది లక్షల నుంచి మొదలయ్యే జరిమానాలున్నాయి. అనుమతి లేకుండా యూనివర్సిటీ పెడితే రెండు కోట్లకి తక్కువ కాకుండా. నిధులు ఇచ్చే పనిని మాత్రం ఆ కొత్త సంస్థకి ఇవ్వలేదు. రాష్ట్రాల అధికారం తగ్గుతుందన్న చర్చ జరుగుతోంది, జరగాల్సిందే. కానీ తప్పు చేసిన కాలేజీకి కోట్లలో జరిమానా రాసే ఆ బిల్లులో, మాట ఇచ్చి డబ్బు కట్టని ప్రభుత్వానికి ఏం చేయాలో లేదు. మన ఎంపీలు ఆ కమిటీ ముందు ఈ ఒక్క విషయం పెట్టినా బాగుంటుంది: సర్టిఫికెట్లు ఆపడాన్ని నిషేధించే నిబంధన పెట్టి, అందులో ప్రభుత్వ బకాయి వల్ల ఇరుక్కున్న విద్యార్థిని కూడా పేరు పెట్టి చేర్చాలి.

అలాగే తెలంగాణ కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు, అందులో తేదీ ఉందా లేదా అన్నది మొదట చూడండి. ట్రస్ట్ ఫండ్ పెడతామన్నా, బ్యాంకు ద్వారా ఇస్తామన్నా, ఆన్‌లైన్‌లో స్టేటస్ చూపిస్తామన్నా, తేదీ లేకపోతే అది పాత పథకమే. బడ్జెట్ ప్రసంగంలో కేటాయింపు ఎంతో చదివినప్పుడు, గత ఏడాది కేటాయించిన దానిలో ఖర్చయ్యింది ఎంత అన్నది పక్క పేజీలో వెతకండి. సవరించిన అంచనాల్లో దానికి దగ్గరి అంకె దొరుకుతుంది. మీ ఎమ్మెల్యేని కలిసినప్పుడు అడగాల్సింది ఆ తేడా గురించే.

చివరగా, ఇప్పుడు సర్టిఫికెట్ల కోసం తిరుగుతున్న పిల్లలకి. నోటిమాటగా అడిగి వెనక్కి రాకండి. ప్రిన్సిపాల్ పేరిట తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి, ఈపాస్‌లో మీ అప్లికేషన్ స్టేటస్ ప్రింట్ తీసి జతచేసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. యూజీసీ 2018 నోటిఫికేషన్‌ని దరఖాస్తులో ప్రస్తావించండి. మీ పరిస్థితి దానికి పూర్తిగా సరిపోకపోయినా, చదివినవాళ్లు జాగ్రత్త పడతారు. జవాబు రాకపోతే మీ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందో అక్కడి రిజిస్ట్రార్‌కీ, విద్యార్థుల ఫిర్యాదులు వినే అంబుడ్స్‌పర్సన్‌కీ రాయండి, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే, "రీయింబర్స్‌మెంట్ రాగానే తిరిగి ఇచ్చే షరతు మీద" అన్న మాట రసీదు మీద రాయించుకోండి. మా నాన్న కట్టినప్పుడు ఆ మాట రాయించుకోవాలని మాకు చెప్పినవాళ్లు లేరు.